కావలి తీరంలో పాత ఇంటి కర్రతో పెరటి పందిరి: ఒక కేస్ స్టడీ

కావలికి తూర్పున, సముద్రానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక ఊళ్ళో 2023 వేసవిలో చేసిన పని ఇది. ఒక కుటుంబం పాత పెంకుటిల్లు తీసేసి అదే స్థలంలో స్లాబు ఇల్లు కట్టుకుంటోంది. ఆ ఇంటి కర్రతో పెరట్లో ఏమైనా చేయగలరా అని నన్ను పిలిచారు. సాయంత్రం పూట కూర్చోవడానికి ఒక పందిరి, దాని కింద బల్ల, పెరటికి గేటు, మొక్కల పని చేసుకోవడానికి నడుమెత్తు టేబులు కావాలన్నారు. ఇంటి పెద్దావిడ మాత్రం ఒకటే అడిగింది: "ఆ దూలాలు మా మామగారు ఎత్తించినవి నాయనా. ఎవరికన్నా ఇచ్చేసినా ఫర్లేదు గానీ, పొయ్యిలో మాత్రం పెట్టబాకండి."

పాత కర్రతో ఏదైనా చేయించుకోవాలనుకునే వాళ్ళు ముందు ఫోన్లో ఫోటో చూపిస్తారు, ఇలాంటిది కావాలని. నేను అక్కడ మొదలుపెట్టను. కర్ర దించి, కొలిచి, దాని మంచిచెడ్డలు చూశాకే కాగితం మీద గీత గీస్తాను. కొత్త కర్ర అయితే మనకు కావలసిన కొలతకు కోయించుకోవచ్చు. పాత కర్ర పొడవు, మందం, వంపు, బెజ్జాలు అన్నీ ముందే తేలిపోయి ఉంటాయి. వాటికి తగ్గట్టు మనం పందిరి అనుకోవాలి. ఈ పనిలో పందిరి 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉండాలని తేల్చింది దూలాలే.

దించడం

మా వైపు పాత ఇల్లు తీసే పద్ధతి అందరికీ తెలిసిందే. పడగొట్టే కాంట్రాక్టరు జేసీబీ తెస్తాడు. కర్ర, ఇనుము, పెంకు తనవే అని మాట్లాడుకుని ఆ మేరకు డబ్బు తగ్గిస్తాడు. ఇంటివాళ్ళకు అది లాభంగానే కనబడుతుంది. కానీ బకెట్ ఒక్కసారి కప్పు మీద పడితే దూలాలు నిలువునా చీలతాయి, ద్వారబంధాల మూలలు ఊడిపోతాయి. ఆ తర్వాత మిగిలేది వంటచెరకే. అందుకే కప్పు వరకు మనుషులతో దించుకుంటామని, గోడలు మాత్రం జేసీబీకి వదిలేస్తామని ముందే ఒప్పందం చేసుకున్నాం. కట్టిన వరసకు ఎదురు వరసలో దించాలి: ముందు పెంకులు, తర్వాత రీపర్లు, వాసాలు, చివరగా దూలాలు. తలుపులు, కిటికీలు గోడ పైభాగం విప్పాక తీస్తే చట్రం వంకర పోదు.

దించిన ప్రతి దూలానికి సుద్దతో నంబరు వేసి, ఏ వైపు పైన ఉండేదో బాణం గుర్తు పెట్టించాను. చిన్న పనే కానీ చాలా విలువైంది. ఏళ్ళ తరబడి బరువు మోసిన దూలం కొద్దిగా కిందికి వంగి ఉంటుంది. మళ్ళీ ఎక్కించేటప్పుడు ఆ వంపును పైకి తిప్పి పెడితే బరువు పడ్డాక దాదాపు సమంగా నిలుస్తుంది.

పెరట్లో స్నానాల గదికి పాత సిమెంటు రేకులు ఉన్నాయి. వాటిని పందిరికి వేయమని ఇంట్లో కుర్రవాళ్ళు అడిగారు. ఆ కాలపు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. కట్టర్ పెడితే లేచే పొడి ఊపిరితిత్తుల్లో చేరి దశాబ్దాల తర్వాత ప్రాణం మీదికి తెస్తుంది. తడిపి, పగలకుండా దించి, కోయకుండా పక్కన పెట్టించాను. పందిరికి వేయలేదు.

కర్ర చూడటం

మొత్తం దిగాక చేతికొచ్చినవి ఇవీ: వసారాకు నిలబెట్టిన నాలుగు టేకు స్తంభాలు, ఆరు తాటి దూలాలు, తాటి, వేప కలిసిన వాసాలు, టేకు ద్వారబంధం రెండు రెక్కలతో సహా, రెండు కిటికీ చట్రాలు, బెంగుళూరు పెంకులు, వంటింట్లో పరచిన కడప రాళ్ళు.

పరీక్షకు పెద్ద పరికరాలేం అక్కర్లేదు. సుత్తితో చివరి నుంచి చివరికి కొట్టుకుంటూ పోతే గట్టిచోట ఖంగుమంటుంది, చెద తిన్నచోట డొల్లగా మోగుతుంది. అనుమానం వచ్చినచోట దబ్బనం గుచ్చి చూడాలి. గట్టి కర్రలో మొన మాత్రమే దిగుతుంది. మట్టిగోడలో కూర్చున్న దూలం కొసలు దాదాపు ఎప్పుడూ పాడయ్యే ఉంటాయి, ఎందుకంటే గోడ తేమ, చెదలు రెండూ ముందు చేరేది అక్కడికే. ఇక్కడ ప్రతి దూలం రెండు కొసలూ అడుగు చొప్పున కోసేశాం. అందువల్ల 14 అడుగుల దూలం 12 అడుగులైంది. ఒక దూలంలో చెద మధ్యదాకా పోయింది. దాన్ని పందిరికి వాడలేదు.

పుచ్చు విషయంలో ఒక తేడా గమనించాలి. సన్నటి బెజ్జాలు కనబడగానే కర్ర పనికిరాదని పారేయకూడదు. పురుగు ఎప్పుడో తిని వెళ్ళిపోయి ఉండొచ్చు. కర్రను దులిపి, కింద నల్ల కాగితం పరచి కొన్ని రోజులు కదపకుండా ఉంచాలి. కాగితం మీద పిండిలాంటి లేత పొడి రాలితే లోపల పురుగు ఇంకా బతికే ఉందని అర్థం. వేప వాసాల్లో కొన్ని ఇలాగే బయటపడ్డాయి. వాటిని మిగతా కర్రకు దూరంగా పెట్టించాం.

మేకులు తీయడానికి ఓపిక కావాలి. పాత మేకు తుప్పుతో కర్రను పట్టేసి ఉంటుంది. నేరుగా లాగితే తల ఊడి చేతికొస్తుంది, కాడ లోపలే ఉండిపోతుంది. ముందు తలమీద సుత్తితో చిన్న దెబ్బ వేసి నూలు మందం (అంగుళంలో ఎనిమిదో వంతు) లోపలికి దించాలి. అప్పుడు తుప్పు పట్టు విడిపోతుంది, చిన్న చప్పుడు కూడా వినబడుతుంది. తర్వాత సుత్తి కొమ్ముల కింద చెక్క ముక్క పెట్టి నిదానంగా వంచితే నిటారుగా బయటికొస్తుంది. చివర్లో అయస్కాంతం పట్టుకుని కర్రంతా తడమాలి. చిత్రిక బ్లేడు కింద ఒక్క మేకు ముక్క పడినా బ్లేడు పోతుంది. తిరిగే రంపానికి తగిలితే మనిషికే ప్రమాదం.

పెంకు ఎందుకు వేయలేదు

అన్నిటికంటే ఎక్కువ చర్చ జరిగింది ఇక్కడే. పెంకులు బోలెడున్నాయి, పందిరి మీద అవే వేస్తే పాత ఇల్లు గుర్తుకొస్తుందని ఇంటివాళ్ళ ఆశ. ఆ ఆశ నాకు అర్థమైంది. కానీ ఆ తీరంలో నాలుగువైపులా తెరిచి ఉన్న పందిరికి పెంకు వేయడానికి నేను ఒప్పుకోలేదు. లెక్క వాళ్ళ ముందే వేసి చూపించాను.

కట్టడాల మీద గాలి ఒత్తిడికి మన దేశంలో వాడే ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. అందులో నెల్లూరుకు ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరు మీద పడే ఒత్తిడి సుమారు 150 కిలోల బరువుతో సమానం. కట్టడం ఆకారం, ఎత్తు బట్టి ఇది మారుతుంది గానీ అంచనాకు చాలు. 12 అడుగులకు 10 అడుగుల పందిరి అంటే 11 చదరపు మీటర్ల పైచిలుకు. మూసేసిన కప్పు అయితే గాలి దాన్ని దాదాపు 1700 కిలోల బలంతో పైకి లేపే ప్రయత్నం చేస్తుంది. పెంకుల బరువు చదరపు మీటరుకు 40 కిలోల దగ్గర ఉంటుంది. పైగా పెంకు రీపరు మీద తన బరువుతో కూర్చుంటుందే తప్ప దేనికీ బిగించి ఉండదు. ఇంటికి గోడలుంటాయి కాబట్టి కింది నుంచి గాలి దూరడం తక్కువ. పందిరికి ఆ రక్షణ లేదు. ఎగిరిన పెంకు పక్కింటి మనిషి మీద పడితే ఎవరు జవాబు చెప్పాలి?

అందుకని పైన సందులున్న కర్రల వరస మాత్రమే వేశాం, గాలి దూరిపోయేలా. నీడ బాధ్యత తీగలకు అప్పగించాం. ఇక్కడా ఒక జాగ్రత్త ఉంది. రాధామనోహరం లాంటి గుబురు తీగ రెండు మూడేళ్ళలో అల్లుకుని వానకు తడిస్తే అదే ఒక కప్పు అయిపోతుంది. బరువూ పెరుగుతుంది, గాలీ ఆగుతుంది. నెల్లూరుకు పెద్ద వానలు, తుపాన్లు వచ్చేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. బీర, దొండ, చిక్కుడు లాంటి కూరతీగలు పెట్టుకుని, పూలతీగ ఒక మూలకే ఉంచి, సెప్టెంబర్ నెలాఖరుకల్లా దాన్ని సగానికి కత్తిరించాలని చెప్పాను. పెంకుల్ని మొక్కల మళ్ళకు గట్లుగా నిలబెట్టాం.

నేలకు తగలని స్తంభాలు

వసారా స్తంభాలు అడుగున కూడా అంత గట్టిగా ఎందుకున్నాయంటే, వాటిని కట్టినవాళ్ళు నేలలో పాతలేదు. ఒక్కో స్తంభం కింద చెక్కిన రాతి దిమ్మ ఉంది. టేకు చేవ, అంటే లోపలి ముదురు గట్టి కర్ర, చెదకు లొంగదని అంటారు. చాలావరకు నిజమే. కానీ చేవ చుట్టూ ఉండే తెల్ల కర్రకు ఆ బలం లేదు. తడి నేలలో పాతితే చేవ కూడా నేలమట్టం దగ్గర ముందు మెత్తబడుతుంది, ఎందుకంటే తడి, గాలి రెండూ కలిసేది అక్కడే.

ఆ రాళ్ళనే మళ్ళీ వాడాం. పాత ఇంట్లో కప్పు బరువు స్తంభాన్ని కిందికి నొక్కి ఉంచేది కాబట్టి రాయి మీద ఊరికే నిలబెట్టినా సరిపోయింది. పందిరికి ఆ బరువు లేదు, పైకి లేవకుండా పట్టి ఉంచాలి. 15 అంగుళాల చదరం, రెండున్నర అడుగుల లోతు గుంటలో కాంక్రీటు పోసి, అందులో నిలబెట్టిన స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీని రాయికి వేసిన రంధ్రం గుండా పైకి తీసి స్తంభం అడుగులోకి దింపాం. స్తంభం పక్క నుంచి అడ్డంగా రెండు బోల్టులు ఆ కడ్డీని పట్టుకుంటాయి. ఒక్కో కాంక్రీటు దిమ్మె 260 కిలోలకు తక్కువ ఉండదు. తీరంలో ఇసుక నేల పక్కల నుంచి పెద్దగా పట్టు ఇవ్వదు, అందుకే బరువు మీద ఆధారపడ్డాం. స్తంభానికి, రాయికి మధ్య నూలు మందం సందు వదిలితే నీళ్ళు నిలవవు.

నాలుగు స్తంభాలు నిటారుగా ఉన్నంత మాత్రాన పందిరి గట్టిది కాదు. పక్కకు తోస్తే ఒరిగిపోతుంది. ప్రతి మూలలో స్తంభానికి, దూలానికి మధ్య రెండడుగుల ఏటవాలు ఊతకర్రలు వేయాలి. వేప వాసాల్లో గట్టివి వాటికి సరిగ్గా సరిపోయాయి. వడ్రంగి పని చేసిన ఆచారి గారు ఊతకర్రల కొసల్ని సన్నగా చెక్కి స్తంభం బెజ్జంలోకి దించి, అడ్డంగా వెదురు చీల కొట్టారు. పాత స్తంభాలకు అప్పటికే ఉన్న బెజ్జాల్లో రెండు ఆయన లెక్కకు కలిసొచ్చాయి. "కొత్తగా ఒక్క బెజ్జం కూడా ఎక్కువ కొట్టగూడదు సామీ, కొట్టిన ప్రతిచోటా నీళ్ళు దూరతాయి" అని ఆయన మాట.

ఉప్పుగాలికి మామూలు ఇనుప బోల్టు నాలుగైదేళ్ళలో తుప్పు పట్టి కర్రను కూడా నల్లగా పాడుచేస్తుంది. బోల్టులన్నీ స్టెయిన్‌లెస్‌లో 316 రకం తెప్పించాం. 304 కంటే ఖరీదు ఎక్కువే గానీ అందులో ఉండే మాలిబ్డినం అనే లోహం వల్ల ఉప్పుకు బాగా ఆగుతుంది. కర్ర అంతా పాతదే కాబట్టి ఆ డబ్బు ఇక్కడ పెట్టడం న్యాయం అనిపించింది.

తాటి దూలం స్వభావం

టేకులో చేవ లోపల ఉంటుంది. తాటిలో బయట. పట్టకు ఆనుకుని ఉండే రెండు మూడు అంగుళాల మందమే ఇనుములా ఉంటుంది, మధ్య భాగం మెత్తటి పీచు. నిలువుగా చీల్చిన దూలానికి ఒక వైపు నల్లటి గట్టి వీపు, ఇంకో వైపు మెత్తటి పొట్ట ఉంటాయి. ఇంటి కప్పు కింద ఎలా పెట్టినా నడుస్తుంది. వానలో పెట్టేటప్పుడు మాత్రం పొట్ట ఎప్పుడూ కిందికే ఉండాలి. వీపు మీద పడ్డ నీళ్ళు జారిపోతాయి. కొల్లేరు వైపు తాటి మొద్దును తొలిచి దోనెలు చేసుకునేవారంటే ఆ బయటి కర్ర నీటికి ఎంత ఆగుతుందో తెలుస్తుంది.

మేము మెత్తటి భాగాన్ని బాడిసతో చెక్కేసి, గట్టి కర్ర తగిలేదాకా తీసేశాం. దూలం బరువు తగ్గింది, తడి నిలిచే చోటు పోయింది. కోసిన కొసలే దీనికి బలహీనత. పీచు సందుల్లోంచి నీళ్ళు లోపలికి పాకుతాయి. కొసలకు జీడి నూనె (జీడిపిక్క పెంకు నుంచి తీసేది) పట్టించి పైన రాగి రేకు ముక్క వంచి కొట్టాం. తాటికి మేకు పనికిరాదు, మెత్తటి చోట నిలవదు, గట్టి చోట కర్ర చీలుతుంది. ముందే రంధ్రం వేసి బోల్టు వేయాలి. చేతులకు మందపాటి తొడుగులు లేకుండా ఎవరూ ముట్టకూడదు. ఆ నల్ల పీచు వేల్లో దిగితే విరిగిపోతుంది, తీయడం కష్టం, చీము పడుతుంది.

తలుపు, రంగు, గడప

తలుపు రెక్కల మీద ఆకుపచ్చ, నీలం, మళ్ళీ ఆకుపచ్చ, ఇలా పొరలు పొరలుగా రంగులున్నాయి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన 2016లో వచ్చింది, 2017 నవంబర్ నుంచి అమలైంది. అంతకు ముందు వేసిన రంగును సీసం ఉన్నదిగానే భావించి పని చేయాలి. సాండింగ్ మెషిన్ పెట్టడం, మంటతో కాల్చి గీకడం రెండూ చేయకూడదు. నేలమీద ప్లాస్టిక్ షీటు పరచి, రంగు తీసే ద్రావణం రాసి, తడిగా ఉండగానే గీకించాం. పెచ్చులన్నీ సంచిలో మూటకట్టాం. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వలేదు. రంగున్న చెక్క ముక్కలు పొయ్యిలో పెట్టొద్దని పనివాళ్ళకు కూడా గట్టిగా చెప్పాను. వాటిని వంటచెరకుగా పట్టుకుపోయే అలవాటు అన్నిచోట్లా ఉంది.

ఒక రెక్క గేటు అయింది, పాత గొళ్ళెంతో సహా. ఇంకో రెక్క పలకల్ని విప్పి బల్ల చేశాం.

బల్లకు అడుగున గడపను వాడదామని మొదట నా ఆలోచన. నాలుగంగుళాల మందం టేకు, ఒక్క పగులు లేదు. పెద్దావిడ ఒప్పుకోలేదు. "దాని మీద ఎన్నేళ్ళు పసుపు రాశాను నాయనా, ఇప్పుడు దాని మీద కూర్చోమంటావా?" అంది. గడప మీద కూర్చోకూడదని పెరిగినవాళ్ళం మేమూ. తులసికోట వెనక గోడకు దీపాలు పెట్టుకునే అరగా బిగించాం. మధ్యలో కాళ్ళ రాపిడికి అరిగిన పల్లం అలాగే ఉంచాం, చిత్రిక పట్టలేదు. బల్లకు కిటికీ చట్రాల కర్ర సరిపోయింది.

మొక్కల టేబులు

దీనికి ఇంటి కర్ర మిగల్లేదు. కృష్ణపట్నం పోర్టు వైపు నుంచి వచ్చే పాత పాలెట్లు (సరుకుల కింద వేసే చెక్క చట్రాలు) అమ్మే చోట కొన్నాం. దేశాల మధ్య తిరిగే పాలెట్ల మీద కంకి బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది. అందులో హెచ్‌టీ అని ఉంటే కర్రను 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు ఉంచారని అర్థం, రసాయనం లేదు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించారని. పెరటి పనికి నేను హెచ్‌టీ ఉన్నవే ఏరుతాను. ముద్ర ఉన్నా కర్ర మీద నూనె మరక, రసాయనం వాసన ఉంటే వద్దు. పాలెట్ కర్ర ఎక్కువగా పైన్, మన వానకు ఎక్కువ కాలం ఆగదు. కాబట్టి టేబుల్ని కొత్త ఇంటి సన్‌షేడ్ కిందే పెట్టించి, పైన కడప రాయి పరిచాం, కాళ్ళ కింద కూడా రాతి ముక్కలు పెట్టాం.

నూనె

పాత ప్రకాశం జిల్లా వేటపాలెం జీడిపప్పు అందరికీ తెలుసు. జీడిపిక్క పెంకు నుంచి తీసే నూనెను పడవలకు, వలలకు పూయడం తీరంలో పాత అలవాటు. పురుగుకు, తడికి బాగా పనిచేస్తుంది. కాకపోతే చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతాయి. అందుకే చెయ్యి తగలని చోట్లకే, అంటే దూలాల వీపు, కొసలు, బెజ్జాల లోపల మాత్రమే వాడాం. బల్లకు, గేటుకు కాచిన అవిసె గింజల నూనె, అంటే లిన్‌సీడ్ ఆయిల్. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. మే నెలలో కావలి ఎండకు ఇంకా తొందరగా. ప్రతి సాయంత్రం వాటిని నీళ్ళల్లో ముంచి, తీగ మీద ఒక్కొక్కటిగా ఆరేయించాను.

తుపాను తర్వాత

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు నెల్లూరు తీరం వెంబడే ఉత్తరానికి సాగింది. వాన ఆగాక వెళ్ళి చూశాం. స్తంభాలు రసమట్టం పెట్టి చూస్తే నిటారుగా ఉన్నాయి. ఊతకర్రల చీలలు కదల్లేదు. దొండపాదు నేలమట్టమైంది, పై కర్రల్లో రెండు జరిగాయి. గేటు తడికి ఉబ్బి చట్రంలో బిగుసుకుపోయింది. ఎండాక అదే సర్దుకుంటుందని చిత్రిక పట్టలేదు, ఫిబ్రవరికి సర్దుకుంది. ఆ తుపాను తీరం దాటినప్పటి గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు. మేము లెక్కకు తీసుకున్నది 180. వేగం సగమైతే ఒత్తిడి పావు వంతే పడుతుంది. కాబట్టి పందిరికి అసలు పరీక్ష ఇంకా జరగలేదనే ఇంటివాళ్ళకు చెప్పాను. ఏటా సెప్టెంబర్లో బోల్టులు బిగించడం, కొసలకు నూనె పట్టించడం, తీగ కత్తిరించడం మానొద్దని చెప్పి వచ్చాను.

ఖర్చు సంగతి

పాత కర్ర అంటే చవక అనుకుని మొదలుపెట్టేవాళ్ళకు ముందే చెబుతాను. ఇక్కడ కర్రకు పైసా పెట్టలేదు, అయినా మొత్తంలో సగానికి పైగా కూలికే పోయింది. దించడానికి, మేకులు తీయడానికి, రంగు గీకడానికి పట్టిన సమయం పందిరి నిలబెట్టడానికి పట్టిన దానికంటే ఎక్కువ. ఆ తర్వాత పెద్ద ఖర్చు బోల్టులు. సొంత ఇంటి కర్ర ఉన్నవాళ్ళకు ఇది తప్పకుండా చేయదగ్గ పని. పాత సామాన్ల దుకాణంలో కొని చేసేవాళ్ళు మాత్రం దూలం కొసలు అడుగు చొప్పున పోతాయని లెక్కేసుకుని, మిగిలే పొడవుకే ధర మాట్లాడుకోవాలి. దబ్బనం, అయస్కాంతం జేబులో పెట్టుకుని వెళ్ళాలి. కర్రకు అప్పుడే కొత్తగా రంగు పూసి అమ్ముతుంటే కొనకండి, దాని కింద ఏముందో చూడనివ్వరు. తాటి దూలాలు దొరికితే మాత్రం వదలొద్దు. టేకు కోసం అందరూ పోటీ పడతారు, తాటిని పొయ్యిలోకి తూకానికి అమ్మేస్తున్నారు.